బేస్ గిటార్ కొనబోతున్నారా? ఈ సంగతులు మీకు తెలుసా?

ఇళయరాజా పాట వింటూ తెలియకుండానే కాలు ఆడిస్తాం. ఆ ఊపులో సగం అడుగున నడిచే బేస్ గిటార్‌ది. దాని మీద మనసు పడి దుకాణానికి వెళ్లే కుర్రాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత తల మీద ఏ కంపెనీ పేరుందో చూస్తారు. మంచి బేస్‌ను పట్టుకోవడానికి ఆ రెండూ పెద్దగా పనికిరావు. వేళ్లతో తడిమి, చెవి ఒగ్గి వినాలి.

● ఫోన్‌లో వీడియో విని బేస్ ఎంచుకుంటే మోసపోతాం. నాలుగు తీగల్లో లావుపాటి ‘ఇ’ తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ అంత మంద్రస్వరాన్ని పలికించలేదు. అయినా మనకు వినబడుతున్నట్టే ఉంటుంది. ఆ స్వరంతో పాటే 82, 123 చొప్పున పుట్టే పై కంపనాలను పట్టుకుని, లేని అడుగు స్వరాన్ని మెదడే పూరించేస్తుంది. అంటే ఏ మంద్రం కోసం ఆ వాద్యాన్ని కొంటున్నామో అదే మన చెవిన పడదు. దుకాణంలో కూడా బేస్ ఆంప్లిఫయరే అడగండి. మామూలు గిటార్ ఆంప్‌లో గట్టిగా వాయిస్తే స్పీకర్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

● ‘ప్రెసిషన్ బేస్’కు ఆ పేరు ఫ్రెట్ల వల్ల వచ్చింది. నిలువెత్తు డబుల్ బేస్‌కు మెట్లుండవు. వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెప్పాలి. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ దాన్ని భుజానికి తగిలించుకునేలా కుదించి, ఫ్రెట్లు కొట్టాడు. నొక్కితే చాలు, శ్రుతి కచ్చితం. ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి, ఆయనకు గిటార్ వాయించడం రాదు! అంతకుముందే 1930ల్లో సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ ఇలాంటి వాద్యం చేశాడు గానీ అది జనంలోకి వెళ్లలేదు.

ఫెండర్ పెట్టిన 34 అంగుళాల తీగ పొడవే ఈనాటికీ కొలమానం. చెయ్యి చిన్నదైతే 30 అంగుళాలది తీసుకోవచ్చు, అదేం తక్కువది కాదు. బీటిల్స్ సభ్యుడు పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో 30 పౌండ్లకు కాస్త అటూ ఇటుగా కొన్న హాఫ్నర్ అలాంటి పొట్టి బేసే. 1972లో దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. అర్ధ శతాబ్దం తర్వాత దొరికింది, మళ్లీ ఆయన చేతికి చేరినట్టు 2024లో లోకానికి తెలిసింది.

● నాలుగు తీగలూ కలిసి నెక్‌ను సుమారు 80 కిలోల బలంతో లాగుతుంటాయి. ఒక నిండు మనిషి బరువు రాత్రింబవళ్లూ ఆ సన్నటి చెక్క మీదే ఉన్నట్టు. దాన్ని తట్టుకోవడానికి చెక్క లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. అది సరిగ్గా పనిచేస్తోందా అన్నది అర నిమిషంలో చూడొచ్చు. లావు తీగను ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, రెండో చేత్తో నెక్ బాడీని కలిసే చోట నొక్కిపట్టండి. మధ్యలో, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర, తీగ కింద విజిటింగ్ కార్డు మందం సందు ఉండాలి. అసలు లేకపోతే తీగ ఫ్రెట్లకు తగిలి జరజరమంటుంది. మరీ ఎక్కువుంటే నొక్కలేక వేళ్లు నొప్పెడతాయి. కాస్త తేడా ఉంటే రాడ్ తిప్పి సరిచేయొచ్చు. ఇప్పటికే బిగుసుకుపోయి తిరగని రాడ్ ఉన్న బేస్‌ను మాత్రం ఎంత చౌకగా ఇచ్చినా వద్దనండి.

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమకు చెక్క ఉబ్బుతుంది. అదే బేస్ మే నెల హైదరాబాద్‌కు వస్తే ఎండుతుంది. చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు పక్కకు పొడుచుకొస్తాయి. అందుకే నెక్ అంచు వెంబడి అరచేతిని పైనుంచి కిందికి ఒకసారి జార్చి చూడాలి. గీరుకుంటే, ఆకురాయి పని మిగిలే ఉందన్నమాట. (చాలా బేస్‌ల ఫ్రెట్‌బోర్డు మన దక్షిణాది అడవుల్లో పెరిగే జిట్రేగి కర్రే, లోకమంతా ఇండియన్ రోజ్‌వుడ్ అంటుంది.)

● వీణ మెట్లు జరుగుతాయి, బేస్ ఫ్రెట్లు జరగవు. వీణకు 24 మెట్లనూ మైనంలో నిలబెడతారు కాబట్టి శ్రుతి తేడా వస్తే మైనం కరిగించి సర్దుకోవచ్చు. బేస్‌లో ఫ్రెట్లు గాడిలో దిగగొట్టి ఉంటాయి. జరిగేది బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న ముక్క ఒక్కటే. 12వ ఫ్రెట్ మీద తీగను నొక్కకుండా వేలు తాకించి మీటండి. తర్వాత అక్కడే నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం పలకాలి, లేకపోతే ఆ ముక్కను జరిపి సరిచేయాలి.

అసలు ఫ్రెట్లే వద్దనుకున్నవాడు బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్. ఫ్రెట్లు తీసేసిన తన 1962 ఫెండర్ జాజ్ బేస్‌కు గాళ్లు పూడ్చి, పైన పడవలకు వాడే ఎపాక్సీ పూశాడు. మెట్లు లేని మన గోటువాద్యం విన్నవాళ్లకు ఆ జారుడు గమకం కొత్తగా అనిపించదు.

● పాత తీగలున్నంత మాత్రాన బేస్ చెడ్డది కాదు. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు బేస్‌తో ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు.

● గుయ్‌మనే రొద కరెంటుది. తీగ కంపనాన్ని పట్టే పికప్‌లో వైరు చుట్ట ఒక్కటే ఉంటే, అది మన ఇంటి 50 సైకిళ్ల కరెంటు రొదను కూడా పట్టేస్తుంది. జాజ్ బేస్‌లో రెండు పికప్‌ల నాబ్‌లూ పూర్తిగా పెంచి చూడండి, రొద అణిగిపోవాలి. నాబ్ తిప్పుతుంటే చిటపటమంటే లోపల దుమ్ము చేరిందని అర్థం. అది చిన్న మరమ్మతే.

● కేబుల్ గుచ్చి ఉంచితే బ్యాటరీ అయిపోతుంది. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే తర్వాత 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ‘యాక్టివ్’ బేస్‌లు బాగా వ్యాపించాయి. వీటికి వేరే స్విచ్ ఉండదు, కేబుల్ గుచ్చే రంధ్రమే స్విచ్.

● బెల్టు వేసుకుని నిలబడి, రెండు చేతులూ వదిలేయండి. నెక్ నేల వైపు వాలిపోతే, రెండు గంటల కచేరీలో మీ ఎడమ చేయి వాయించడం మాని దాన్ని మోస్తూ ఉంటుంది.

● ప్రతి బేస్‌లోనూ ఒక మూగ స్వరం ఉండొచ్చు. ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. నా మొదటి బేస్‌ను దుకాణంలో పావుగంట వాయించాను, అన్నీ బాగున్నాయనుకున్నాను. ఇంటికొచ్చి నెమ్మదైన పాటకు వాయిస్తుంటే, అన్నిటికన్నా సన్నటి జి తీగ ఆరో ఫ్రెట్ మీద స్వరం ‘టుప్’మని పుట్టి అంతలోనే చచ్చిపోయింది. ఐదోది మోగుతోంది, ఎనిమిదోది మోగుతోంది, అది మాత్రం నిలవదు. తీగలు మార్చాను, ఎత్తు మార్చాను, లాభం లేదు. తీగ కంపనం, నెక్ చెక్క సహజ కంపనం ఒక్కటైన చోట చెక్క ఆ శక్తిని పీల్చేసుకుంటుంది. సాధారణంగా జి తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్యే ఇది కనబడుతుంది. నెక్ తలకు చిన్న బరువు బిగిస్తే ఆ చోటు కాస్త పక్కకు జరుగుతుంది, పోదు.

అందుకే ఇప్పుడు ఎవరితో దుకాణానికి వెళ్లినా ముందు ఆంప్ ఆపేయమంటాను. బేస్ పై కొమ్ముకు చెవి ఆనించి, జి తీగను ఒక్కో ఫ్రెట్ మీద మీటి, స్వరం ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెడతాను. నా పాత బేస్ ఇంకా నా దగ్గరే ఉంది. ఆ స్వరం సాగాల్సి వచ్చినప్పుడు డి తీగ మీద 11వ ఫ్రెట్‌కు వెళ్తాను, అక్కడ అదే స్వరం నిండుగా మోగుతుంది.