చేపపిల్లలను చెరువులో వదలుట – తీసికొనవలసిన జాగ్రత్తలు

వరినారు పీకిన తరువాత నాటువరకు వేర్లు ఎండిపోకుండ కాపాడుట ఎరుగని రైతు లేడు. అట్టి రైతే, వేలకొలది రూపాయలు పోసి తెచ్చిన చేపపిల్లల సంచులను మిట్టమధ్యాహ్నము గట్టుపై విప్పి, ఒక్క ఊపున నీటిలో గుమ్మరించుట నేను పలుమారులు చూచితిని. పిల్లలు చచ్చినను చాలవరకు అడుగునకు పోవును, లేక పక్షుల పాలగును, కంటికి కనబడవు. పట్టుబడినాడుగాని నష్టము బయటపడదు. అప్పటివరకు మేత మాత్రము వదలిన లెక్క ప్రకారమే వేయుచుందురు. చివరకు నింద విత్తనముపై పడును.

పూర్వము బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను వరదకాలమందు నదులలో పట్టి తెచ్చెడివారు. వానిలో ఇతర జాతుల పిల్లలు కలిసి వచ్చుచుండెను. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్ వద్ద హీరాలాల్ చౌధురి, అలికున్హి గారలు పిట్యూటరీ గ్రంథి రసమును ఇచ్చి మన గండుచేపలచే గ్రుడ్లు పెట్టించిన పిదప కేంద్రములలోనే విత్తనము తయారగుట సాధ్యమైనది. అయినను కేంద్రమునుండి చెరువువరకు ప్రయాణపు కష్టము తప్పలేదు.

సంచిలో జరుగునది తెలిసికొన్నచో జాగ్రత్తలు వాటంతట అవే అర్థమగును. పాలిథీన్ సంచిలో సుమారు మూడవ వంతు నీరు, మిగతా భాగము ప్రాణవాయువు ఉండును. పిల్లలు విడచు బొగ్గుపులుసు వాయువు నీటిలో చేరి దానికి పులుపు గుణము కలిగించును. వాని విసర్జనమునుండి అమ్మోనియా కూడ చేరును. కాని నీరు పుల్లగా నున్నంతకాలము అమ్మోనియా అంతగా హాని చేయదు. సంచి మూతి విప్పినంతనే బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోవును, పులుపు తగ్గును, అమ్మోనియా విషమగును. కనుకనే దూరప్రయాణము చేసిన సంచిని విప్పి గంటలకొలది గట్టుపై నుంచుట, నెమ్మదిగా అలవాటు చేయుచున్నామని భ్రమపడుటయే.

అందుచేత మూతి కట్టియుండగనే సంచులను 20 నుండి 30 నిమిషములు చెరువునీటిపై తేలవేయవలెను. ఎండ తగులకుండ పైన తడి గోనె కప్పవలెను. ఎండలో తేలు సంచి త్వరగా వేడెక్కును. లోపలి నీటికి, చెరువునీటికి 2, 3 డిగ్రీలకన్న ఎక్కువ తేడా ఉండరాదు. ధర్మామీటరు లేనిచో రెండు చేతులు రెండు నీళ్ళలో నుంచి చూచినను పెద్ద తేడా తెలియును. ఆపై మూతి విప్పి, కొద్దికొద్దిగా చెరువునీరు రెండు మూడు మార్లు కలిపి, 10 నిమిషములలో సంచిని ప్రక్కకు వంచి, పిల్లలను తామే ఈది పోనీయవలెను. సంచి నీటిని చెరువులో పోయకుండుట మంచిది. చల్లని వేళ ఈ పని చేయవలెనన్నది నిజమే గాని, తెల్లవారకముందు వలదు; ఆ వేళ చెరువులో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. పొద్దెక్కిన గంట రెండు గంటలలోపుగాని, సాయంకాలము నీరు చల్లబడిన పిదపగాని వదలవలెను.

వేలెడు పిల్లలైనచో లీటరు నీటికి 20 గ్రాముల ఉప్పు కలిపి 2, 3 నిమిషములు ముంచి తీయవచ్చును. పిల్లలు ఒరిగినచో అంతకుముందే తీయవలెను. దీనివలన మొప్పలపై, పొలుసులపై నుండు సూక్ష్మ పరాన్నజీవులు కొంత తగ్గును. చేప పేనును మాత్రము ఉప్పు నమ్మకముగా పోగొట్టదు. అది కంటికి కనబడును గనుక, కొనునప్పుడే కొన్ని పిల్లలను తెల్లని పళ్ళెములో నుంచి పరీక్షించి, పేను ఉన్నచో ఆ విత్తనము తీసికొనరాదు. పక్కవాని చెరువులో వాడిన వలను ఎండబెట్టకుండ మన చెరువులో వేయుట కూడ పేనును పిలుచుటయే.

ఇక కొరమీను, వాలుగ వంటి మాంసాహారపు చేపలున్న చెరువులో ఎంత జాగ్రత్తగా వదలినను అవి వానికి మేతయే. చెరువు ఎండగట్టుట మేలు. వీలుకానిచో ఎకరమునకు మీటరు లోతు నీటికి 1000 కిలోల ఇప్పపిండి వేసి, 3 వారములు ఆగవలెను. అప్పటికిని అనుమానమున్నచో కొన్ని పిల్లలను హాపాలో నుంచి ఒక దినము చూడవలెను.

ఈ హాపా, అనగా దోమతెర గుడ్డతో కుట్టిన సంచివల, వదలునాడు కూడ పనికివచ్చును. తెచ్చిన పిల్లలనుండి 100 ఎంచి అందులో నుంచి, చెరువులోనే నీడగల చోట కట్టి, 24 గంటల తరువాత లెక్కింపుడు. 80 బ్రతికియున్నచో చెరువులోను సుమారు నూటికి 80 వంతున మిగిలినవని తలచి, మేత ఆ లెక్కకు వేయవలెను. తక్కువైన పిల్లలను ఆ వారములోనే తెచ్చి పూర్తి చేయవచ్చును.