కట్ అయినయ్, పడలే

జీతాలు పడ్డ రోజు శ్రీరాంపూర్ సింగరేణి కాలనీల్లో ఫోన్ల మీదే బోలెడు లావాదేవీలు నడుస్తాయి. కిరాణా బాకీ, చిట్టీ, మంచిర్యాలలో చదివే పిల్లల ఫీజు. వాటితోపాటు "పైసలు కట్ అయినయ్, అవతల పడలే" అన్న మాట కూడా ఎక్కడో ఒకచోట వినబడుతుంది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశం ప్రకారం, యూపీఐలో ఒకరి ఖాతా నుంచి ఇంకొకరికి పంపిన సొమ్ము చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. ఇక్కడున్నవి రెండు బ్యాంకులు, రెండు డేటాబేసులు. ఒకదాంట్లో జరిగిన కోతను ఇంకొకటి చెరపలేదు, అందుకే ఎదురు జమ వేస్తారు.

మరి అంతా ఒకే డేటాబేసులో జరిగితే? అప్పుడు సగంలో ఆగిన పనిని అదే చెరిపేయాలి. దీన్నే రోల్‌బ్యాక్ అంటారు. జరిగితే అన్నీ జరగాలి, లేకుంటే ఏదీ జరగనట్టే ఉండాలన్న ఈ సూత్రాన్ని స్పష్టంగా రాసిపెట్టినవాడు కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే. ఇలా ఒక్కటిగా జరగాల్సిన పనుల కట్టే ట్రాన్సాక్షన్. 1981లో దాని మీద ఆయన పత్రం వెలువడింది, 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మన దగ్గర 2020 అక్టోబరు 29న మొదలైన భూరికార్డుల పోర్టల్ ధరణి ఉద్దేశమూ దాదాపు ఇదే ఉండేది: సాగుభూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దారు దగ్గర ఒకే విడతలో అయిపోవాలని.

అయితే ఈ రోల్‌బ్యాక్ ఒక్కోసారి సరిగ్గా జరగదు. ఒక వెబ్ అప్లికేషన్‌లో ఫీజు కట్టినట్టు ఒక టేబుల్లో, రసీదు ఇంకో టేబుల్లో ఎక్కుతాయనుకుందాం. నడుమ ఎర్రర్ వచ్చింది. రసీదు మాయమైంది, ఫీజు వరస మాత్రం అట్లాగే ఉంది. ప్రోగ్రామర్ గంటల తరబడి తన కోడ్‌నే తిట్టుకుంటాడు గానీ, ముందు చూడాల్సింది టేబుల్ రకం. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో ఇన్నోడీబీ రకం టేబులైతే, వరసను మార్చేముందు పాత విలువను అన్‌డూ లాగ్‌లో రాసుకుంటుంది. రోల్‌బ్యాక్ అనగానే ఆ లాగ్‌ను వెనక నుంచి ముందుకు చదువుతూ ఒక్కొక్కటే సరిచేస్తుంది. మైఐసామ్ టేబుల్‌కు ఆ అలవాటే లేదు. రోల్‌బ్యాక్ చేయమంటే 1196 నంబరు హెచ్చరిక ఒకటి వస్తుంది, దాన్ని ఎవరూ చదవరు. 2010లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 5.5 వెర్షన్ నుంచి ఇన్నోడీబీయే డిఫాల్ట్. అయినా అంతకుముందు పుట్టిన టేబుళ్లు వాటంతట అవి మారవు. షో టేబుల్ స్టేటస్ కొట్టి ఇంజిన్ గడి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

టేబుళ్లు సరిగ్గానే ఉంటే అనుమానం ఫ్రేమ్‌వర్క్ మీదికి మళ్లుతుంది. జాంగోలో అటామిక్ అనే బ్లాక్ ఉంది. ఎర్రర్ ఆ బ్లాక్ దాటి బయటికొస్తే రోల్‌బ్యాక్, రాకపోతే కమిట్, అంటే పని పక్కా. లోపలే ట్రై, ఎక్సెప్ట్ పెట్టి ఎర్రర్‌ను మింగేస్తే, అంతా బాగానే ఉందనుకుని చేసినంతవరకూ కమిట్ చేసేస్తుంది. జావా స్ప్రింగ్‌ది ఇంకో తీరు. రన్‌టైమ్ ఎక్సెప్షన్ వస్తే అది వెనక్కి తిప్పుతుంది, చెక్డ్ ఎక్సెప్షన్ వస్తే మామూలుగా కమిట్ చేస్తుంది. ఈ డిఫాల్ట్ తెలియక దెబ్బతిన్న టీములు తక్కువేం కాదు.

అన్నిటికన్నా మోసకారి లాక్ టైమ్‌అవుట్. ఒక వరస కోసం ఇద్దరు పోటీపడితే ఇన్నోడీబీ రెండోవాణ్ని మామూలుగా 50 సెకన్లు ఆపుతుంది. అప్పటికీ దొరక్కపోతే ఎర్రర్ ఇస్తుంది, కానీ వెనక్కి తీసేది ఆ ఒక్క ఆజ్ఞనే. ముందు చేసినవన్నీ అలాగే నిలిచి ఉంటాయి. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోయే డెడ్‌లాక్‌లో మాత్రం ట్రాన్సాక్షన్ మొత్తాన్నీ తీసేస్తుంది. రెండిటికీ ఒకే రకం కోడ్ రాసి, ఎర్రర్ పట్టుకుని ముందుకు సాగితే, చివరి కమిట్‌తో సగం పని పక్కా అయిపోతుంది.

ట్రాన్సాక్షన్ నడుమ ఆల్టర్ టేబుల్ నడిపినా మైఎస్‌క్యూఎల్ చెప్పకుండానే కమిట్ చేస్తుంది. వెళ్లిపోయిన ఎస్సెమ్మెస్‌నైతే ఏ డేటాబేసూ వెనక్కి పిలవలేదు. అందుకే దాన్ని కమిట్ అయ్యాకే పంపేలా జాంగోలో ఆన్‌కమిట్ అనే ఏర్పాటుంది. రసీదు నంబర్ల మధ్య ఖాళీలు కనబడితే మాత్రం కంగారు అక్కర్లేదు, ఆటో ఇంక్రిమెంట్ నంబరు రోల్‌బ్యాక్‌తో వెనక్కి రాదు.

ఇవేవీ కాకపోతే టెస్ట్ సర్వర్లో కాసేపు జనరల్ లాగ్ ఆన్ చేయాలి. ప్రతి ఆజ్ఞ పక్కనా కనెక్షన్ నంబరు ఉంటుంది. ట్రాన్సాక్షన్ ఒక నంబరు మీద మొదలై, ఫీజు ఇన్సర్ట్ ఇంకో నంబరు మీద కనిపించిందంటే ఆ ఇన్సర్ట్ మొదటినుంచీ ట్రాన్సాక్షన్ బయటే ఉందన్నమాట.