గాజుతొట్టిలో చేపల కాపురము

రంగుచేపల అంగడిముందు నిలిచిన బాలునకు కన్నులు చెదరును. ఒక తొట్టిలో బంగారు చేప జాలరు వంటి తోకను ఆడించుచుండును. వేరొక తొట్టిలో నల్లని పట్టెలుగల టైగర్ బార్బులు ఒకదానినొకటి తరుముచుండును. పొడవైన రెక్కలుగల ఏంజెల్ చేప రాణివలె మెల్లగా కదలుచుండును. దాని ప్రక్కతొట్టిలో నీలిగీత మెరయునట్టి నియాన్ టెట్రాలు గుంపుగా తిరుగుచుండును. ఒక్కొక్క జాతినుండి రెండేసి కొనిపోయి, అన్నిటిని ఒకే తొట్టిలో వదలినచో ఎంత శోభగా ఉండునో యని బాలునకు తోచును.

అతడట్లే చేసెననుకొందము. మొదటినాడు ఇంటికి వచ్చినవారందరు మెచ్చుకొందురు. వారము తిరుగునప్పటికి ఏంజెల్ చేప రెక్కలు పీలికలై యుండును. కొన్నాళ్ళకు నియాన్ టెట్రాలలో ఒకటి కనబడదు. మరునాడు రెండవదియు కనబడదు. నాటిన మొక్కలు వేళ్ళతో సహా పైకి తేలును. నీరు మసకబారి దుర్వాసన కొట్టును. ఇంక మిగిలిన చేపలు ఎన్నాళ్ళో నిలువవు. “రంగుచేపలు మన ఇంట బ్రతుకవు” అని పెద్దలు తేల్చి చెప్పి, తొట్టిని అటకమీద పెట్టింతురు.

నిజమునకు ఆ చేపలలో ఏ ఒక్కదానియందును దోషము లేదు. బంగారు చేప చైనాదేశమున శతాబ్దములుగా పెంపబడిన జాతి. దానికి చల్లని నీరు హితము. అది మొక్కల మొదళ్ళను కెలకును, లేత ఆకులను మేయును. ఏంజెల్ చేపయు నియాన్ టెట్రాయు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతమునకు చెందినవి. వెచ్చని మెత్తనినీటిలో పుట్టినవి. అయినను ఆ రెండును పొత్తు కుదిరినవి కావు. నోటిలో పట్టునంతటి చేపను పెద్దచేప ఆహారముగానే ఎంచును. టైగర్ బార్బు సుమత్రా ద్వీపపు చేప. పొడవుగా వ్రేలాడు రెక్క కంటబడినచో కొరుకక మానదు. ఎనిమిదింటిని కలిపి పెంచినచో తమలో తాము తరుముకొనుచు ఇతరుల జోలికి అంతగా పోవు. రెండే యున్నప్పుడు వాటి పోరంతయు పొరుగువారిమీదనే. అందుచేత చేపలను రంగునుబట్టి గాక, అవి పుట్టిన నీటినిబట్టి, పెరుగు పరిమాణమునుబట్టి, స్వభావమునుబట్టి ఎంచుకొనవలెను.

చేపలతోబాటు మొక్కలును ఉండవలెనని మొదట నిరూపించిన వారిలో లండనుకు చెందిన రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. ఆయన ఒక పాత్రలో నీరు పోసి, రెండు చిన్న బంగారు చేపలను వదలి, వాలిస్నేరియా అను నీటిమొక్కను నాటెను. కొంతకాలము అంతయు బాగుగనే సాగెను. పిమ్మట ముదిరిన ఆకులు కుళ్ళసాగెను. నీరు కలకబారి జిగురు పట్టెను. చేపలకు ముప్పు వచ్చునని తోచి, ఆయన కుంటనుండి కొన్ని నత్తలను తెచ్చి వదలెను. అవి కుళ్ళిన ఆకులను తిని నీటిని తేటపరచెను. 1850లో ఆయన ఈ సంగతులను ప్రకటించెను. చేప విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించి, వెలుతురులో ప్రాణవాయువును విడుచును. గరాటు క్రింద హైడ్రిల్లా కొమ్మ నుంచి, పరీక్షనాళికలో బుడగలు చేరుటను ప్రయోగశాలలో చూచిన విద్యార్థులకు ఇది క్రొత్తకాదు. అయితే రాత్రివేళ మొక్కయు చేపవలెనే ప్రాణవాయువును వాడుకొనునని మరువరాదు. మొక్కలు దట్టముగా ఉన్నవి గదా యని చేపలను క్రిక్కిరియునట్లు నింపినచో, తెల్లవారుజామున అవి నీటి పైభాగమున నోళ్ళు తెరచుచు అల్లాడును.

వారింగ్టన్ కంటికి కనబడని పనివారు మరికొందరు కలరు. చేపల మలినమునుండియు, మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది చేపల మొప్పలను కాల్చునట్టి విషము. ఇసుకనంటియు, రాళ్ళనంటియు పెరుగు ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా మార్చును. అదియును విషమే. మరియొక తెగ ఆ నైట్రైట్‌ను అంతగా హానిచేయని నైట్రేట్‌గా మార్చును. దానిని మొక్కలు ఎరువుగా గ్రహించును. ఈ సూక్ష్మజీవులు తగినంత పెరుగుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. బాలుని తొట్టిలో చేపలు చచ్చుటకు పోరాటముకంటె ఈ తొందరపాటే పెద్ద కారణమై యుండును. తొట్టి కొన్ననాడే చేపలను కొనుట, గోడలు లేవకముందే గృహప్రవేశము చేయుట వంటిది. ముందు ఇసుక పరచి, నీరు నింపి, మొక్కలు నాటి, రోజూ చిటికెడు మేత వేయుచు వేచియుండవలెను. పిమ్మట రెండు మూడు చేపలతో మొదలుపెట్టి, కొన్ని వారముల ఎడముతో మిగిలినవాటిని చేర్చవలెను.

ఇంక నీటి విషయము. కొళాయి నీటిలో క్రిములను చంపుటకు క్లోరిన్ కలుపుదురు. అది చేపలకును, పైన చెప్పిన సూక్ష్మజీవులకును గిట్టదు. ఆ నీటిని వెడల్పాటి పాత్రలో ఒకటి రెండు దినములు నిలువయుంచినచో క్లోరిన్ గాలిలో కలిసిపోవును. తెలుగునేలమీద అనేక గ్రామములలో బోరుబావి నీరు సున్నపుపాలు ఎక్కువగాగల కఠినజలము. అట్టి నీటిలో నియాన్ టెట్రాలు సుఖముగా నుండవు. గప్పీ, ప్లాటీ, మోలీ అను చేపలకు అదే నీరు సరిపడును. ఇవి గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. నెలకొకసారి పిల్లలు పుట్టుటచేత తొట్టి త్వరలోనే నిండిపోవును. ఇది ఆనందమే గాని, ఇల్లు ఇరుకైనవారికి చిక్కు కూడను.

దూరదేశపు చేపలే అందమైనవను భ్రమ మనలో చాలమందికి కలదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడుగా నుండిన ఫ్రాన్సిస్ హామిల్టన్ అను స్కాట్లండువాడు గంగానదిలోను దాని పాయలలోను దొరకు చేపలను పరిశీలించి వ్రాసిన గ్రంథము 1822లో వెలువడెను. నేడు ప్రపంచమంతట గాజుతొట్టెలలో తిరుగు జీబ్రా చేప, రోజీ బార్బు, హనీ గౌరామి ఆ గ్రంథమున వర్ణింపబడినవే. మొప్పనుండి తోకవరకు నీలిచారలుగల జీబ్రా చేప రెండు అంగుళములకు మించదు. చల్లదనమును వెచ్చదనమును ఓర్చుకొనును. దాని గ్రుడ్డు పారదర్శకమగుటచే లోపల పిల్ల రూపొందుటను సూక్ష్మదర్శినితో చూడవచ్చును. అందుచేతనే పరిశోధనాలయములలో ఈ చేపకు గొప్ప గౌరవము లభించినది. అది గుంపులో బ్రతుకు ప్రాణి. ఆరింటికి తక్కువైనచో బెదరుచుండును.

హనీ గౌరామి సాధువు. తేనెరంగు మేను, క్రింద మీసములవలె వ్రేలాడు రెండు దారములు దాని గుర్తులు. కొర్రమీను వలెనే ఇదియు పైకి వచ్చి గాలిని మ్రింగును. మగచేప నీటిపై బుడగలతో గూడు కట్టి గ్రుడ్లను కాచును. నీరు మిక్కిలి కదలుచున్నచో ఆ గూడు నిలువదు. రోజీ బార్బు కూడ చక్కనిదే. కాని అది చురుకైన చేప, కొంచెము పెద్దది, లేత మొక్కలను కొరుకును. గౌరామి మీసములుగూడ దానికి ఆటవస్తువులే యగును. కావున ఈ రెంటిలో ఒకదానినే ఎంచుకొనుట మంచిది. అరువది సెంటీమీటర్ల పొడవు, ముప్పది వెడల్పు, ముప్పది ఎత్తు గల తొట్టిలో 54 లీటర్లు పట్టును. ఇసుకకును, పైన విడిచిన ఖాళీకిని పోగా నలుబదియైదు లీటర్లు మిగులును. అందు ఎనిమిది జీబ్రా చేపలును, ఒక జత గౌరాములును హాయిగా నుండును. అంతకుమించి చేర్చరాదు.

ఈ చేపలకు తోడైన మొక్కలును మన చెరువులలోనివే. పట్టీలవంటి ఆకులుగల వాలిస్నేరియాను వెనుకవైపున నాటవలెను. దాని మొదలు ఇసుకలో పూర్తిగా కప్పబడినచో కుళ్ళును. ఈ మొక్క చెరువులో పూయు విధము వింతయైనది: మగపూవులు నీటి అడుగున తెగి పైకి తేలివచ్చి, మెలికల కాడపై నీటిమట్టమునకు చేరిన ఆడపూవును కలిసికొనును. హైడ్రిల్లాను మూలలయందు గుత్తులుగా ఉంచినచో, జీబ్రా చేపలు తమ గ్రుడ్లను తామే తినకుండ కొంత చాటగును. ముందువైపున పొట్టిగా పెరుగు క్రిప్టోకొరైన్ చాలును. దానిని క్రొత్తచోట నాటగానే ఆకులు కరిగిపోవును. వేరు బ్రతికియుండును గాన పెరికివేయరాదు. కొన్ని వారములకు మరల చిగురించును. చెరువునుండి తెచ్చిన మొక్కలను వేరుపాత్రలో కొన్నిదినములుంచి కడిగి నాటవలెను. లేనిచో తూనీగపిల్లలు వాటివెంట వచ్చి చిన్నచేపలను తినును. దీపము దినమునకు ఎనిమిది గంటలు చాలును. ఎండ తగులు కిటికీ ప్రక్కన తొట్టి నుంచినచో పాచి ముంచెత్తును. మేత రెండు నిమిషములలో తినునంతయే వేయవలెను. వారమునకొకసారి నాలుగవవంతు నీరు మార్చవలెను.

ఎక్కువైన చేపలను, మొక్కలను ఊరి చెరువులో వదలుట కొందరికి దయగా తోచును. తొట్టిలోని పాచిని తినునని అమ్మెడి సక్కర్ చేప వేలెడంత యున్నప్పుడు ముద్దుగా నుండును. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప అడుగునకు మించి పెరుగును. దాని ఒడలు గట్టి పలకలతో కవచమువలె నుండును. ఆంధ్రప్రదేశ్‌లోని చేపల చెరువులలో చేరి, వలలు చించి, మంచిచేపల మేతను కాజేయుచున్న దీనిని రైతులు దెయ్యపుచేప యని పిలుచుచున్నారు. మన గుర్రపుడెక్కయు పూవుల అందమునకై పరదేశమునుండి తేబడినదే. మన హైడ్రిల్లాయే 1950ల దశకమున తొట్టిమొక్కగా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరి, అచటి కాలువలను పూడ్చివేసినది. కావున పెరిగిన చేపలను తొట్టిగల స్నేహితునకు ఈయవలెను, లేదా అంగడివానికే తిరిగి ఈయవలెను. కత్తిరించిన మొక్కలను ఎండబెట్టి పూలకుండీలలో ఎరువుగా వేయవచ్చును.