స్వేచ్ఛా సాఫ్టువేరు సంఘములు - లేఖా వ్యవహారము

సికిందరాబాదు రైల్వేస్టేషను 1874లో వెలసినది. నలుదిక్కులకు పోవు రైళ్ళు కలియు చోటది. అట్టి కూడలిలో రైల్వే మెయిలు సర్వీసువారి పని చూచినవారికి ఒక సంగతి బోధపడును. ఉత్తరము ఎంత వేగముగల బండిలో పోయినను, ముందుగా దానిని తగిన అరలో వేయనిచో చేరవలసిన చోటికి చేరదు. స్వేచ్ఛా సాఫ్టువేరు సంఘములకును ఇదే సమస్య కలదు. దానిని వారెట్లు తీర్చుకొనుచున్నారో ఇచట మనవి చేయుదుము.

కంప్యూటరును నడిపించు ఆదేశముల సముదాయమునకు సాఫ్టువేరని పేరు. దాని మూలప్రతిని ఎవరైనను చదువుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు హక్కు గలిగినచో అది స్వేచ్ఛా సాఫ్టువేరగును. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ పథకమును ప్రకటించెను. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును మొదలిడెను. ఇట్టి పనిలో పాల్గొనువారు పలు దేశములలో నుందురు. పెక్కుమంది ఒకరి మొగము నొకరు చూచి యెరుగరు. వారి కచ్చేరి యంతయు ఉత్తరములలోనే యున్నది.

ఈ ఉత్తరములకు సాధనము మెయిలింగు లిస్టు. సంఘమునకు ఒక ఈమెయిలు చిరునామా యుండును. దానికి ఒకరు జాబు వ్రాసినచో, పట్టికలో పేరుగల వారందరికిని ప్రతి చేరును. మరియొక ప్రతి భాండారమున నిలుచును. సభ్యుల పేర్లు చేర్చుట, తీసివేయుట తొలుత మనుష్యులే చేసెడివారు. 1986లో ఎరిక్ థామస్ వ్రాసిన లిస్ట్‌సర్వ్ ఆ పనిని యంత్రమునకు అప్పగించెను. నేడు పెక్కు సంఘములు వాడు మెయిల్‌మన్ కూడ స్వేచ్ఛా సాఫ్టువేరే.

సంఘము చిన్నదైనపుడు ఒక్క లిస్టు చాలును. పెరిగినకొద్ది చిక్కు వచ్చును. ప్రింటరు పనిచేయుట లేదని అడుగు కొత్తవాని ప్రశ్నయు, నిపుణుల సూక్ష్మవాదమును ఒకే సంచిలో పడినచో ఇరువురును విసిగి తొలగిపోవుదురు. కావున ప్రకటనలకు ఒకటి, వాడుకరుల సందేహములకు ఒకటి, నిర్మాతల చర్చలకు ఒకటి, అనువాదకులకు భాషకొకటిగా విభజింతురు. ప్రకటనల లిస్టులో నిర్వాహకులు మాత్రమే వ్రాయుదురు. భద్రతా లోపములకు మాత్రము మూసిన లిస్టు ఉండును. లోపమును సరిదిద్దక ముందే లోకమునకు తెలిపినచో దొంగకు దారి చూపినట్లగును. అయితే అరలు అవసరమునకు మించి పెట్టుటయు తప్పే. ఎవరును చదువని లిస్టులో ప్రశ్న వేసినవాడు, జవాబు రాక, సంఘమే లేదనుకొనును.

మన భాషలోని ఉదాహరణము చూతము. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవంటివారు కంప్యూటరు తెరపై మాటలను తెలుగు చేయుటకు పూనుకొనిరి. ఇట్టి పనిలో ఒకరు 'ఫైలు' అని, మరియొకరు 'దస్త్రము' అని వ్రాసినచో, ఒకే తెరపై రెండును కనిపించి చదువరి తికమకపడును. ఏ మాట మేలో లిస్టులో చర్చించి, నిర్ణయమును కారణముతో సహా భాండారమున నిలిపినచో, మరుసటి యేడు వచ్చిన కార్యకర్త అదే తగవును మరల మొదలిడ నక్కరలేదు.

ఒక జాబులో ఒకే విషయము, దానికి తగిన శీర్షిక, పాత జాబునుండి అవసరమైన పంక్తులు మాత్రమే ఉదహరించుట - ఇవి లిస్టు మర్యాదలు. ఒక్కరికి చెప్పవలసినది పదిమందికి పంపరాదు. పదిమందికి పనికివచ్చు జవాబును చాటుగా ఒక్కరికే పంపుటయు నష్టమే.

అన్నిటికంటె ముఖ్యము, భాండారపు తాళపుచెవి ఎవరి చేతిలో నున్నదనునది. రచ్చబండ మొదలగు తెలుగు చర్చావేదికలు యాహూ గ్రూపులలో నడచినవి. ఆ కంపెనీ 2019లో పాత జాబుల భాండారములను తొలగింప నిర్ణయించి, 2020 డిసెంబరు 15న ఆ సేవనే మూసివేసెను. ముందుగా ప్రతులు తీసికొనని సంఘముల యేండ్ల శ్రమ కంటికి మరుగయ్యెను. కావున సంఘము తన లిస్టును తన యంత్రము మీదనే నడుపుకొనుట మేలని మా అభిప్రాయము. అది సాధ్యము గానిచో నెలకొకసారి ప్రతి తీసి వేరొకచోట దాచవలెను. నిర్వహణాధికారము కనీసము ఇద్దరికి ఉండవలెను.

ఉత్తరమును చేరవేయుటతో టపా ఉద్యోగి విధి తీరును. లిస్టు నిర్వాహకుడు మాత్రము, రేపు వచ్చువాడు చదువుకొనుటకు వీలుగ దానిని దాచవలెను గూడ. జీతము లేని కొలువిది. సభ్యులు అతనికి చేయగల సాయము ఒకటి కలదు: జాబు పంపబోవునపుడు, ఇది ఏ అరలో పడవలసినదో ఒక్క క్షణము ఆలోచించుట.