పురుగు వయసు, మాత్రల గడువు

శ్రీకాకుళం తీర గ్రామాల్లో బోదకాలు సర్వేకు ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట వస్తారు. వేలి కొన నుంచి రక్తపు చుక్క తీయడానికి అదే సరైన వేళ. ఫైలేరియా పిల్ల పురుగులు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, క్యూలెక్స్ దోమ కుట్టే సమయానికి చర్మం దగ్గరి రక్తంలోకి చేరతాయి.

అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష అని 2011 జనగణన చెబుతోంది. వారిలో చాలా కుటుంబాలు ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లినవే. పోర్ట్ బ్లెయిర్‌లోని మిన్నీ బే నుంచి దక్షిణంగా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా సముద్రం దాటితే నాన్‌కౌరీ దీవులు వస్తాయి. అక్కడ రాత్రి సర్వే లెక్క తప్పుతుంది. అదే జాతి పురుగు పిల్లలు అక్కడ పగలు కూడా రక్తంలో విరివిగా తిరుగుతాయి. వాటిని మోసేది అడవిలో పగటిపూట కుట్టే మరో దోమ. దేశంలో ఈ పగటి రకం ఉన్నది ఆ దీవుల్లోనే.

పగలైనా రాత్రయినా రెండుచోట్లా వైద్యులకు ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఒకటే. పెద్ద పురుగు ఎన్నాళ్లు బతుకుతుంది? మనిషి శోషరస నాళాల్లో అది ఆరు నుంచి ఎనిమిదేళ్లు జీవిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంతకాలమూ లక్షల కొద్దీ పిల్లలను కంటూనే ఉంటుంది. ఏటా పంచే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ప్రధానంగా ఆ పిల్లలనే తుడిచిపెడతాయి. పెద్ద పురుగుల్లో చాలా వరకు మిగిలిపోయి, కొన్ని నెలలకు మళ్లీ సంతతిని వదులుతాయి. అందుకే కనీసం ఐదేళ్లపాటు, జనాభాలో నూటికి 65 మందికి తగ్గకుండా, ఏటా ఈ మాత్రలు మింగాలన్న నియమం ఏర్పడింది. ఒంట్లో ఏ బాధా లేని మనిషి నాలుగో ఏడు కూడా మాత్ర ఎందుకని అడగడం సహజమే. జవాబు అతని ఆరోగ్యంలో లేదు, పురుగు వయసులో ఉంది.

ఆ వయసును నిర్ణయించేదేమిటో నేరుగా పరిశీలించడం కష్టం. ఫైలేరియా పురుగుకు మనిషీ కావాలి, దోమా కావాలి. గాజు పళ్లెంలో తరతరాలుగా పెరగదు. అందువల్ల శాస్త్రవేత్తలు దాని దూరపు బంధువును ఆశ్రయించారు. అది కుళ్లిన పండ్లలో, ఆకుల్లో సూక్ష్మజీవులను తిని బతికే సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. పొడవు ఒక మిల్లీమీటరు. సంతాన కణాలను మినహాయిస్తే ఒంట్లో 959 కణాలు. 20 డిగ్రీల వేడిలో రెండు మూడు వారాలు బతుకుతుంది. కనుక ఒక తరం పుట్టుక, ముసలితనం, చావు అన్నీ ఒక్క నెలలో కళ్ల ముందే జరిగిపోతాయి. 1974లో సిడ్నీ బ్రెన్నర్ దీని జన్యుశాస్త్రానికి పునాది వేశారు. 1993లో సింథియా కెన్యన్ బృందం డాఫ్-2 అనే ఒకే జన్యువులో మార్పుతో దీని ఆయువు రెట్టింపవుతుందని చూపింది. ఆ జన్యువు మన ఇన్సులిన్ గ్రాహకానికి దగ్గరి చుట్టమని 1997లో తేలింది.

ఈ పురుగు పరిశోధకులకు ఒక అలవాటుంది. అచ్చుకెక్కని ఫలితాలనూ ఒకరికొకరు చెప్పుకుంటారు. 1975లో మొదలైన వారి చిన్న పత్రిక వార్మ్ బ్రీడర్స్ గెజెట్ అందుకే పుట్టింది. తొలి అంతర్జాతీయ సమావేశం 1977లో జరిగింది. ఆ తర్వాత ఐరోపా, ఆసియా-పసిఫిక్ వంటి ప్రాంతీయ సమావేశాలూ వచ్చాయి. ముసలితనం మీద పనిచేసేవారికి ఈ కలయికలు మర్యాద కోసం కాదు. పళ్లెం వేడి రెండు డిగ్రీలు మారినా, మేతగా వేసిన బ్యాక్టీరియా మారినా ఆయువు లెక్క మారిపోతుంది. అమెరికాలో మూడు ప్రయోగశాలలు ఒకే పద్ధతిని పాటించి ఒకే మందులను పరీక్షించినా తేడాలు పూర్తిగా పోలేదు. ఎవరు ఎలా చేశారో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే తప్ప ఆ ముడి వీడదు.

ఫైలేరియాకు దీనితో సంబంధం డాఫ్ అన్న పేరులోనే ఉంది. తిండి కరువై, గుంపు ఎక్కువైతే ఈ పురుగు పిల్ల డావర్ అనే నిద్రాణ దశలోకి వెళ్లి, ఏమీ తినకుండా నెలల తరబడి నిలుస్తుంది. డాఫ్ జన్యువులను మొదట గుర్తించింది ఆ దశ ద్వారానే. దోమలోని ఫైలేరియా మూడో దశ పిల్ల కూడా ఎదుగుదల ఆపి, మనిషి శరీరం చేరాకే మళ్లీ కదులుతుంది. రెండింటి వెనుకా ఒకే యంత్రాంగం ఉందా అన్నది ఇంకా తేలని వాదమే. అయితే పురుగుల ఆయువు ఎంతగా సాగగలదో చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఎలుకల్లో ఉండే స్ట్రాంగిలాయిడిస్ రట్టీ అనే పురుగు మట్టిలో ఐదు రోజులే బతుకుతుంది. ఎలుక పేగులో ఉంటే ఏడాది దాటుతుంది. జన్యువులు అవే, ఆయువు మాత్రం దాదాపు 80 రెట్లు.

పెద్ద పురుగు ఆయువును తగ్గించే దారులూ లేకపోలేదు. ఫైలేరియా పురుగు లోపల వోల్బాకియా అనే బ్యాక్టీరియా కాపురముంటుంది. నాలుగు నుంచి ఆరు వారాలు డాక్సీసైక్లిన్ వాడితే ఆ బ్యాక్టీరియా నశించి, పురుగు గొడ్డుబోయి మెల్లగా చస్తుంది. కానీ గర్భిణులకు, చిన్నపిల్లలకు తగని ఇంత సుదీర్ఘ చికిత్సను ఊరందరికీ ఇవ్వలేరు. ఐవర్‌మెక్టిన్‌ను కలిపిన మూడు మందుల పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సిఫారసు చేసింది. అది పెద్ద పురుగుల సంతాన శక్తిని ఎక్కువ కాలం అణచి ఉంచుతుంది. కనుక తక్కువ విడతలు చాలవచ్చు.

నాన్‌కౌరీ దీవుల్లో పోర్ట్ బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ కేంద్రం మరో మార్గం ప్రయత్నించింది. ఏటా ఇచ్చే మాత్రలకు తోడుగా డీఈసీ కలిపిన వంట ఉప్పును ఇళ్లకు అందించారు. చైనా ఒకప్పుడు ఈ ఉప్పును విస్తృతంగా వాడింది. మాత్ర మింగనివారు కూడా కూరలో ఉప్పు వేసుకుంటారు కదా.