పేరు లేని వ్యాధికి హద్దులు గీయడం ఎలా?

సాధారణంగా వైద్యశాస్త్రం వ్యాధి కారణాన్ని కనుగొని, దానిని బట్టి రోగిని గుర్తిస్తుంది. కారణం తెలియకముందే రోగిని గుర్తించవలసి వస్తే ఏం చేయాలి? 1990–91 గల్ఫ్ యుద్ధంలో పాల్గొన్న అమెరికా సైనికుల విషయంలో తలెత్తిన చిక్కు ఇదే.

ఆ యుద్ధానికి వెళ్ళిన దాదాపు 7 లక్షల మందిలో అనేకులు తీరని అలసట, కీళ్ళనొప్పులు, మతిమరపు, నిద్రలేమి, అజీర్తి, చర్మంపై దద్దుర్లతో ఏళ్ళ తరబడి బాధపడ్డారు. మామూలు పరీక్షలలో ఏ లోపమూ కనిపించలేదు. అదంతా మానసికమేనన్న మాట కూడ వారు వినవలసి వచ్చింది. నిర్ధారణ కాని వ్యాధులకు సైతం వీరికి పరిహారం చెల్లించేందుకు 1994లో చట్టం వచ్చింది. కాని పరిశోధనకు కచ్చితమైన నిర్వచనం కావాలి.

1998లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఒక నిర్వచనం ఇచ్చింది. అలసట, మనోస్థితి–జ్ఞాపకశక్తి, కండరాలు–కీళ్ళు అనే మూడు వర్గాలలో కనీసం రెండింటిలో 6 నెలలకు పైగా లక్షణాలుండాలి. ఆ కొలతతో చూడగా యుద్ధానికి వెళ్ళినవారిలో 45 శాతం, వెళ్ళనివారిలో సుమారు 15 శాతం రోగులుగా తేలారు. వల మరీ విశాలమైనదన్నమాట! 2000లో వెలువడిన కాన్సస్ నిర్వచనం ఆరు వర్గాలలో మూడింటిని కోరింది; మధుమేహం, గుండెజబ్బు వంటివి ఉన్నవారిని మినహాయించింది. అప్పుడు ఆ అంకెలు 34, 8 శాతాలయ్యాయి. అయితే వయస్సు మీరేకొద్దీ ఆ జబ్బులు ఎక్కువమందికి వస్తాయి. నిజమైన బాధితులే జాబితానుండి జారిపోగలరు. అందువలన 2014లో అమెరికా వైద్య సంస్థ నిపుణులు రెండు నిర్వచనాలనూ వాడమని సూచించారు.

ఇక రసాయన కారణానికి వద్దాము. నాడీ సందేశం చేరవేసిన ఎసిటైల్‌కోలిన్‌ను వెంటనే విచ్ఛిన్నం చేసే ఎంజైము ఒకటి మన శరీరంలో ఉన్నది. సారిన్ విషవాయువు, ఆర్గానోఫాస్ఫేట్ క్రిమిసంహారకాలు దానిని స్తంభింపజేస్తాయి. విషవాయువు నుండి రక్షణకై సైనికులు మింగిన పిరిడోస్టిగ్మిన్ మాత్ర కూడ తాత్కాలికంగా దానినే పట్టుకొంటుంది. మన పత్తిచేలలో రైతులు చల్లిన మోనోక్రోటోఫాస్ పనిచేసే తీరూ ఇదే. 1991 మార్చిలో ఇరాక్‌లోని ఖమీసియా వద్ద అమెరికా సేనలు పేల్చివేసిన రాకెట్లలో సారిన్ ఉన్నట్లు తరువాత బయటపడింది.

ఈ మాత్రలకు, క్రిమిసంహారకాలకు వ్యాధితో కారణ సంబంధం ఉన్నదని 2008లో ప్రభుత్వ సలహాసంఘం తేల్చింది. 2022లో 1,016 మందిని పోల్చిన పరిశోధనలో మరొక సంగతి వెల్లడైంది. సారిన్‌ను విడగొట్టే పారాక్సొనేజ్ ఎంజైము జన్యుపరంగా బలహీనంగా ఉండి, విషవాయు హెచ్చరిక సైరన్లు విన్నామని చెప్పినవారిలో ఈ వ్యాధి అధికంగా కనిపించింది. రోగులెవరో, కానివారెవరో ముందుగా వేరుచేయగలిగినందుననే ఈ పోలిక సాధ్యమైంది.

మన కుటుంబాలలో వైద్యులు అనేకులున్నారు. అంతుపట్టని బాధతో నలిగేవారూ లేకపోలేదు. పరీక్షలో ఏమీ కనిపించలేదని చెప్పడం నిజాయితీ. అందుచేత వ్యాధే లేదనడం శాస్త్రం కాదు.