బాలుర వైజ్ఞానిక కల్పనలు - నీమో పాత్ర పరిశీలనము

బాలుర కొఱకు వ్రాయబడిన గ్రంథము వేఱు. పెద్దలు సైతము చదువదగిన గ్రంథమును బాలుర కొఱకని కుదించి చేసిన ప్రతి వేఱు. వైజ్ఞానిక కల్పనా సాహిత్యమున ఈ భేదమును గుర్తింపకపోవుటవలన కలిగిన అనర్థమునకు ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ (1828-1905) నవలలు మంచి నిదర్శనములు. ఆంగ్లము మూలమున వెర్నును బాల్యమునందు చదివి, పెద్దవారైన పిమ్మట ఆతనిని పిల్లల రచయిత యని ప్రక్కన పెట్టినవారు మనలో పలువురు కలరు. వారు చదివిన ప్రతి యెట్టిదో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

వెర్న్ తొలి నవల 'బెలూనులో ఐదు వారములు' 1863లో వెలువడినది. దానిని ప్రచురించిన హెట్జెల్ మఱుసటి యేడు ఒక పత్రికను స్థాపించెను. దాని పేరునకు 'విద్యావినోద పత్రిక' యని అర్థము చెప్పుకొనవచ్చును. ఇంటిల్లిపాదియు కలిసి చదువుకొనదగిన పత్రిక యది. 'సముద్రగర్భమున ఇరువదివేల లీగులు' అను నవల 1869 మార్చి మొదలు 1870 జూన్ వఱకు అందే ధారావాహికముగా వచ్చినది. శీర్షికలోని సంఖ్య లోతును తెలుపునని తలచువారు నేటికిని కలరు. అది నీటి క్రింద సాగిన ప్రయాణ దూరము. వెర్న్ లెక్కలో లీగు 4 కిలోమీటర్లు. అనగా మొత్తము 80,000 కిలోమీటర్లు, భూమి చుట్టుకొలతకు రెండింతలు. అంత లోతునకు దిగినచో భూగోళమును చీల్చుకొని ఆవలకు పోవలసి వచ్చును!

ఈ నవలలోని శాస్త్రవిషయము కథకు తగిలించిన అలంకారము కాదు. నాటిలస్ అను జలాంతర్నౌక పొడవు 70 మీటర్లు, గరిష్ఠమైన వెడల్పు 8 మీటర్లు. దానిని నడుపునది విద్యుచ్ఛక్తి. ఆ విద్యుత్తును పుట్టించు ఘటములకు కావలసిన సోడియము సముద్రజలమునుండియే లభించును. నౌక తేలినపుడు పదింట ఒక వంతు నీటిపైన నుండును. సుమారు 150 టన్నుల నీరు పట్టు తొట్లు నింపినచో అది పూర్తిగా మునుగును. ఆ నీటిని పంపులతో వెలికి తోడినచో మరల తేలును. కథకుడైన ఆరోనాక్స్ ప్రశ్నించుచుండగా నీమో ఈ లెక్కలన్నియు విడమఱచి చెప్పును. పదునాలుగేండ్ల పాఠకుడు ఆ లెక్కను తాను మరల వేసి సరిచూచుకొనగలడు. ఆతనికి నౌకపై నమ్మకము కుదురునది అచ్చటనే. తరువాత నెదురగు అద్భుతములన్నియు ఆ నమ్మకముపై నిలిచినవి.

1870వ దశాబ్ది ఆరంభమున లూయిస్ మెర్సియర్ అను ఆంగ్ల మతాచార్యుడు ఈ నవలను అనువదించెను. ఆతని చేతిలో గ్రంథము దాదాపు నాలుగవ వంతు లుప్తమైనది. లెక్కలు పోయినవి, జలచరముల వర్ణనలు పోయినవి, రాజకీయచ్ఛాయ గల ఘట్టములును పోయినవి. మిగిలిన దానియందైనను పొరపాట్లు తక్కువ కాదు. నీటిలో మునుగువారు ధరించు ప్రత్యేకమైన దుస్తులు ఆతని అనువాదమున బెండు చొక్కాలైనవి. బెండు మనుష్యుని తేల్చునే గాని ముంచదు గదా! అమెరికాలోని నెబ్రాస్కా యందలి 'బ్యాడ్‌లాండ్స్' అను ప్రసిద్ధ ప్రదేశము కేవలము అప్రియమైన ప్రాంతముగా మాఱినది. ఈ ప్రతియే ఆంగ్లమున చిరకాలము ప్రచారమందుండెను. వెర్న్ శాస్త్రవిషయమున అజాగ్రత్త గలవాడను నింద ఆతనికి వచ్చుటకు ఇదియొక ముఖ్య కారణము. 1965లో వాల్టర్ జేమ్స్ మిల్లర్ మూలముతో సరిచూచి ఈ లోపములను బయటపెట్టెను.

ఇంతకంటె మనకు సన్నిహితమైన విషయము నీమో జాతీయత. 'నీమో' యనగా లాటిను భాషలో 'ఎవడును కాడు' అని అర్థము. వెర్న్ మొదట ఆతనిని 1863 నాటి తిరుగుబాటులో రష్యనుల వలన సర్వస్వమును కోల్పోయిన పోలెండు దేశీయునిగా భావించెను. రష్యాకు కోపము వచ్చునని హెట్జెల్ అంగీకరింపలేదు. కావున తొలి నవలలో నీమో దేశము చెప్పబడలేదు. సూచనలు మాత్రము కలవు. ఆతని గదిలో పీడిత జాతుల కొఱకు పోరాడిన వీరుల చిత్రపటములు వ్రేలాడుచుండును. సింహళ సమీపమున ముత్యముల కొఱకు మునిగిన ఒక పేద భారతీయుని సొరచేప వాతనుండి కాపాడి, ముత్యముల సంచి నొసగి, తానును పీడితుల దేశమునకు చెందినవాడనే యని నీమో పలుకును.

1874-75లో వెలువడిన 'రహస్యద్వీపము'న గుట్టు విడినది. నీమో బుందేల్‌ఖండ రాజకుమారుడు డక్కర్. టిప్పు సుల్తానునకు బంధువు. 1857 సమరమున పోరాడి భార్యాపుత్రులను కోల్పోయినవాడు. బుందేల్‌ఖండమునకును మైసూరునకును వెర్న్ కల్పించిన ఈ బంధుత్వము చరిత్రకు పొసగదు. రెండు నవలల కాలగణనకును పొత్తు కుదరదు. అయినను ఆ కాలమున ఒక ఐరోపా రచయిత బాలుర పత్రికలో ఒక భారతీయ రాజకుమారుని అంతటి శాస్త్రజ్ఞునిగా, స్వాతంత్ర్యవీరునిగా చిత్రించుట సామాన్య విషయము కాదు.

ఆ చిత్రమునకు కలిగిన గతి శోచనీయము. వ్రాతప్రతిలో నీమో కడపటి పలుకు 'స్వాతంత్ర్యము' అనునదే. హెట్జెల్ దానిని మార్పించి దైవమును, దేశమును స్మరించు పలుకుగా చేసెను. పిమ్మట 1875లో కింగ్‌స్టన్ పేరిట వెలువడిన ఆంగ్లానువాదము మఱింత దూరము పోయినది. వాస్తవమున దానిని చేసినది ఆతని భార్య ఆగ్నెస్. మూలమున డక్కర్ తిరుగుబాటునకు ప్రాణమైనవాడు; అనువాదమున ఆ ఉద్యమము స్వార్థపరులైన రాజుల కుట్రగా దిగజారినది. బ్రిటిషు బాలురకు ఆ దినములలో అదియే హితమని తలచి యుందురు. కాని ఆ ప్రతియే భారతీయ బాలుని చేతికిని వచ్చినది. తన దేశపు వీరుని కథను ఆతడు ఆ వీరుని శత్రువు కంటితో చదువవలసి వచ్చినది.

2001లో క్రావిట్జ్, స్టంప్ అనువారు వేఱువేఱుగా చేసిన సమగ్రానువాదములు వెలువడినవి గనుక, తెలుగున వెర్నును సంగ్రహింప దలచువారు పాత ఆంగ్లప్రతుల నాశ్రయింప బనిలేదు. సంగ్రహించుట దోషము కాదు. చేపల పట్టికలను తగ్గించినచో బాలునకు నష్టము లేదు. తొట్లలోని నీటి లెక్కను, గదిలోని చిత్రపటములను, డక్కర్ చెప్పుకొనిన ఆత్మకథను మాత్రము విడువరాదు. 'స్వాతంత్ర్యము' అను ఆ చివరి పలుకును కనీసము పీఠికయందైనను పేర్కొనుట ఉచితము.